లంక బతుకు – మన బతుకు



లంక అనగానే మనకు రావణాసురుడు గుర్తుకొస్తాడు. సీతమ్మ గుర్తుకొస్తుంది. హనుమంతుడు సముద్రం దాటిన కథ గుర్తుకొస్తుంది. ఈ పాఠం ఆ కథ గురించి కాదు. ఇప్పటి శ్రీలంక గురించి. అక్కడి ఆడవాళ్ల బతుకు ఎలా ఉంది, మన బతుకు ఎలా ఉంది అన్నది ఈ పాఠం.

శ్రీలంక మన పక్క దేశం. చుట్టూ సముద్రం. తమిళనాడులోని ధనుష్కోటి నుంచి సుమారు 30 కిలోమీటర్లు నీళ్లు దాటితే ఆ దేశం వస్తుంది. చాలా చిన్న దేశం. మన ఆంధ్రప్రదేశ్‌లో సగం కూడా ఉండదు. అక్కడి జనం రెండు కోట్ల పైచిలుకు. మన దేశంలో జనం 140 కోట్లు దాటారు.

మన దేశాన్ని, ఆ దేశాన్ని ఒకే తెల్లవాళ్లు ఏలారు. మనకు 1947 ఆగస్టు 15న స్వాతంత్ర్యం వచ్చింది. వాళ్లకు 1948 ఫిబ్రవరి 4న వచ్చింది. అంటే రెండు దేశాలూ ఇంచుమించు ఒకేసారి తమ కాళ్ల మీద తాము నడవడం మొదలుపెట్టాయి. అక్కడా వరి అన్నమే తింటారు. అక్కడా కొండలున్నాయి, అడవులున్నాయి. అందుకే పోల్చి చూడడం తేలిక.

ముందు రెండు ఇళ్లు చూద్దాం

దేశాలను పోల్చే ముందు రెండు ఇళ్లు పోల్చి చూద్దాం. ఇవి ఊహించుకున్న ఇళ్లు.

మొదటి ఇల్లు స్లాబు ఇల్లు. టీవీ ఉంది. మోటారు సైకిలు ఉంది. జీడిమామిడి తోట ఉంది. ఏటా డబ్బు బాగానే వస్తుంది. కానీ ఆ ఇంటి కోడలికి ఒంట్లో రక్తం లేదు. పెద్ద పిల్లను ఏడో తరగతిలో బడి మాన్పించారు. వచ్చిన డబ్బులో సగం సారా కొట్టుకు పోతుంది. ఇంట్లో ఏది కొనాలన్నా, ఏది అమ్మాలన్నా ఆడమనిషిని అడగరు.

రెండో ఇల్లు పెంకుటిల్లు. టీవీ లేదు. బండి లేదు. కానీ మరుగుదొడ్డి ఉంది. మంచి నీళ్లు దగ్గరలోనే దొరుకుతాయి. పిల్లలిద్దరూ బడికి పోతున్నారు. ఎవరికైనా జ్వరం వస్తే అదే రోజు రక్త పరీక్ష చేయిస్తారు. చింతపండు ఎంతకు అమ్మాలో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటారు.

ఏ ఇంట్లో డబ్బు ఎక్కువ? మొదటి ఇంట్లో. ఏ ఇంట్లో బతుకు బాగుంది? ఆలోచించండి.

ఇంట్లో ఏమేం ఉన్నాయి, ఎంత సంపాదన ఉంది అన్నది జీవన ప్రమాణం. మనిషి ఎంత ఆరోగ్యంగా, ఎంత నిశ్చింతగా, ఎంత గౌరవంగా బతుకుతున్నాడు అన్నది జీవన నాణ్యత. రెండూ కావాలి. డబ్బు అక్కర్లేదని ఎవరూ అనరు. కానీ డబ్బు ఒక్కటే చూస్తే సగమే తెలుస్తుంది.

దేశాల విషయంలో కూడా అంతే. 1990 వరకూ ఏ దేశం గొప్పది అంటే, ఎవరి దగ్గర డబ్బు ఎక్కువో వాళ్లదే అనేవారు. ఆ ఏడాది ఐక్యరాజ్య సమితి కొత్త కొలత తెచ్చింది. పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్, మన దేశం ఆర్థికవేత్త అమర్త్య సేన్ దీని వెనక ఉన్నారు. ఈ కొలతలో మూడు సంగతులు చూస్తారు. ఒకటి, మనుషులు ఎన్నేళ్లు బతుకుతున్నారు? రెండు, ఎంత చదువుతున్నారు? మూడు, ఎంత సంపాదిస్తున్నారు? దీన్ని మానవాభివృద్ధి సూచిక అంటారు.

2025లో వచ్చిన నివేదికలో 193 దేశాలున్నాయి. అందులో శ్రీలంకది 89వ స్థానం. మన దేశానిది 130వ స్థానం. మనకన్నా ఎంతో చిన్న దేశం, ఈ కొలతలో మనకన్నా ముందుంది. ఎందుకు?

చదువు

1945లో శ్రీలంకలో బడి చదువు నుంచి పెద్ద చదువు దాకా ఉచితం చేశారు. అప్పటికి వాళ్లకింకా స్వాతంత్ర్యం కూడా రాలేదు. ఆ పని వెనక నిలబడ్డ మంత్రి పేరు కన్నంగర. ఆడపిల్లకూ మగపిల్లవాడికీ ఒకటే చదువు. ఊళ్లలో కూడా పెద్ద బడులు పెట్టారు.

ఫలితం ఏమిటి? 1981 జనాభా లెక్కలు చూడండి. శ్రీలంకలో నూరుమంది ఆడవాళ్లలో 80 మందికి పైగా చదవగలరు. అదే ఏడాది మన దేశంలో నూరుమందిలో 30 మందే చదవగలరు. 1991లో మన దేశంలో అది 39 అయింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 33 కూడా లేదు. 2011 లెక్కల్లో మన దేశంలో సుమారు 65 అయింది. శ్రీలంకలో ఇప్పుడు 90 దాటింది.

చదువుకున్న తల్లి మందు సీసా మీద రాసింది చదువుతుంది. టీకా కార్డు చూసుకుంటుంది. డిపోలో ఇచ్చిన చీటీలో తూకం ఎంత రాశారో చూస్తుంది. ఎక్కడ వేలిముద్ర వేయకూడదో తెలుసుకుంటుంది. ఆడపిల్ల బడిలో ఉన్నన్నాళ్లూ పెళ్లి మాట కూడా వెనక్కి పోతుంది.

ఈ సంగతి కూడా లెక్కల్లో కనిపిస్తుంది. మన రాష్ట్రంలో 2019-21లో ఒక పెద్ద సర్వే చేశారు. 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 29 మందికి 18 ఏళ్లు నిండకుండానే పెళ్లయిపోయింది. శ్రీలంకలో 2016 సర్వేలో అలాంటి వాళ్లు నూటికి 10 మందే.

కాన్పు

ఇది ఆడవాళ్ల ప్రాణానికి సంబంధించిన లెక్క. జాగ్రత్తగా చదవండి.

ఒక దేశంలో లక్షమంది బిడ్డలు పుట్టారనుకోండి. ఆ కాన్పుల వల్ల ఎంతమంది తల్లులు చనిపోయారు? దీన్ని తల్లి మరణాల లెక్క అంటారు.

1930లలో శ్రీలంకలో ఈ లెక్క 2,000 దాకా ఉండేది. 1950ల మొదట్లో 500 దగ్గరకు దిగింది. ఈమధ్య కాలంలో 30 చుట్టుపక్కలకు వచ్చింది.

మన దేశంలో 2001-03లో ఈ లెక్క 301. 2018-20లో 97. మనమూ బాగా తగ్గించాం. కానీ ఇంకా వాళ్లకన్నా వెనకే ఉన్నాం.

వాళ్లు అంత తగ్గించడానికి పెద్ద పెద్ద ఆస్పత్రులు ఒక్కటే కారణం కాదు. అక్కడ ప్రతి ప్రాంతానికీ ఒక మంత్రసాని నర్సు ఉంటుంది. ఆమె ప్రభుత్వ ఉద్యోగి. శిక్షణ పొందిన మనిషి. ఆమెకు ఇంచుమించు మూడువేల మంది జనాన్ని అప్పగిస్తారు. పెళ్లయిన దగ్గర నుంచి ఆమె ఆ ఇంటికి వెళ్తూ ఉంటుంది. నెల తప్పితే పేరు రాసుకుంటుంది. బరువు చూస్తుంది. కాన్పు కష్టమయ్యేలా ఉంటే ముందే ఆస్పత్రికి పంపుతుంది. బిడ్డ పుట్టాక మళ్లీ ఇంటికి వచ్చి చూస్తుంది. ఇప్పుడు అక్కడ ఇంచుమించు అన్ని కాన్పులూ ఆస్పత్రిలోనే జరుగుతున్నాయి. ప్రభుత్వ ఆస్పత్రిలో డబ్బు అడగరు.

ఇంకో మంచి పని కూడా చేస్తారు. ఒక తల్లి చనిపోతే, ఎందుకు చనిపోయిందో కూర్చుని విచారిస్తారు. బండి ఆలస్యమైందా? రక్తం దొరకలేదా? ఇంట్లోవాళ్లు పంపలేదా? కారణం కనిపెడితే ఇంకో తల్లిని కాపాడవచ్చు. మన దేశంలో కూడా ఇలాంటి విచారణ చేయాలనే నియమం ఉంది. అది కాగితం మీద మిగిలిపోకుండా చూసుకోవాలి. “దాని తలరాత అంతే” అని ఊరుకుంటే కారణం ఎప్పటికీ తెలియదు.

మనకూ ఆశా కార్యకర్త ఉంది. ఏఎన్‌ఎం ఉంది. అంగన్‌వాడీ ఉంది. 108 బండి ఉంది. అయితే అడ్డతీగల కొండల్లో కొన్ని ఊళ్లకు బండి పోయే దారి సరిగా ఉండదు. గెడ్డ పొంగితే దాటలేరు. డోలీ కట్టి మోయాల్సి వస్తుంది. అందుకే నెలలు నిండకముందే కదలాలి. నొప్పులు మొదలయ్యాక దారి వెతకకూడదు.

మలేరియా

మన ఏజెన్సీలో వానాకాలం వస్తే మలేరియా భయం. ఇది శ్రీలంకలో కూడా ఉండేది. వాళ్ల కథలో మనకు గొప్ప గుణపాఠం ఉంది.

శ్రీలంక దోమల మందు కొట్టి మలేరియాను బాగా తగ్గించింది. 1963లో దేశం మొత్తం మీద 17 కేసులే వచ్చాయి. “ఇంకేముంది, పోయింది” అనుకున్నారు. మందు కొట్టడం ఆపేశారు. కొద్ది ఏళ్లలోనే మలేరియా తిరగబడింది. 1960లు ముగిసేలోపల లక్షల మంది మంచాన పడ్డారు.

వాళ్లు మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి పట్టు వదల్లేదు. జ్వరం వచ్చిన మనిషిని వెతికి రక్త పరీక్ష చేశారు. దోమతెరలు ఇచ్చారు. దేశంలో యుద్ధం జరుగుతున్న రోజుల్లో కూడా ఈ పని మానలేదు. 2012 అక్టోబరు తర్వాత మూడేళ్లకు పైగా అక్కడి దోమల వల్ల మలేరియా రాలేదు. 2016 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ శ్రీలంకను మలేరియా లేని దేశంగా ప్రకటించింది.

దీన్ని బట్టి మనకు ఏం తెలుస్తోంది? మలేరియా కొండదేవత కోపం కాదు. వాన ఉన్నచోట, అడవి ఉన్నచోట కూడా దాన్ని పోగొట్టవచ్చు. కానీ తగ్గింది కదా అని మధ్యలో ఆపకూడదు. మందు బిళ్లలు కూడా అంతే. జ్వరం తగ్గినా, చెప్పిన రోజులన్నీ మింగాలి. దోమతెరను చేపల వలగా వాడకూడదు.

సగటు అంటే ఏమిటి?

ఇప్పటిదాకా చదివిన లెక్కల్లో చాలా వరకు మొత్తం మీద సరాసరి లెక్కలు. సరాసరినే సగటు అంటారు. సగటు కొన్నిసార్లు నిజాన్ని దాచిపెడుతుంది. ఎలాగో చూడండి.

ఒక వీధిలో అయిదు ఇళ్లు ఉన్నాయి. నాలుగు ఇళ్లకు నెలకు 5 వేల రూపాయల చొప్పున వస్తాయి. అయిదో ఇల్లు షావుకారుది. ఆయనకు నెలకు 80 వేలు వస్తాయి. మొత్తం కూడితే లక్ష. అయిదు ఇళ్లకు పంచితే సగటు 20 వేలు. “ఈ వీధిలో ఇంటికి 20 వేలు వస్తాయి” అని ఎవరైనా రాస్తే లెక్క తప్పు కాదు. కానీ ఆ వీధిలో 20 వేలు వచ్చే ఇల్లు ఒక్కటీ లేదు!

దేశం లెక్క కూడా అంతే. 2018-20లో మన దేశంలో తల్లి మరణాల సగటు 97 అని చదివాం. కానీ కేరళలో 19. మన ఆంధ్రప్రదేశ్‌లో 45. అస్సాంలో 195. ఒకే దేశంలో ఇంత తేడా. కేరళ కూడా మన దేశమే. అంటే శ్రీలంక చేసిన పని మన దేశంలో కూడా చేయవచ్చు, చేశారు. రాష్ట్రం లెక్కలో కూడా మైదానం ఊళ్లు, కొండ ఊళ్లు కలిసిపోయి ఉంటాయి. కొండ ఊరి కష్టం అందులో విడిగా కనిపించదు.

శ్రీలంకలో కూడా ఇలా వెనకబడ్డ కొండలున్నాయి. అవి తేయాకు తోటల కొండలు. తెల్లవాళ్ల కాలంలో తమిళ దేశం నుంచి కూలీలను తీసుకెళ్లి ఆ తోటల్లో పెట్టారు. వరసగా కట్టిన ఇరుకు గదుల్లో ఉంచారు. ఆకు కోసేది ఎక్కువగా ఆడవాళ్లే. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, 1948లో, ఒక చట్టం చేశారు. దానితో ఆ కూలీల్లో చాలామందికి పౌరసత్వం లేకుండా పోయింది. ఓటూ పోయింది. 2003లో వచ్చిన చట్టంతోనే మిగిలినవాళ్ల సమస్య తీరే దారి దొరికింది. దేశమంతా చదువులో ముందుకు పోతుంటే, ఆ తోటల పిల్లలు వెనకబడ్డారు. దేశం సగటు బాగుంది. తేయాకు కోసే తల్లి బతుకు అంత బాగాలేదు.

మన కొండల్లో ఉండే కొండరెడ్లు, కోయదొరలు, కొండకమ్మర్లు, వాల్మీకులు కూడా అడగవలసిన ప్రశ్న ఇదే. “రాష్ట్రం సగటు సరే. మా ఊరి లెక్క ఎంత?”

అక్కడ అన్నీ బాగున్నాయా?

లేదు. పోల్చినప్పుడు మంచీ చెడూ రెండూ చెప్పాలి.

శ్రీలంకలో 1983 నుంచి 2009 దాకా యుద్ధం జరిగింది. సింహళ ప్రభుత్వ సైన్యానికీ, తమిళ పులులకూ మధ్య జరిగిన యుద్ధం అది. ఎందరో తల్లులు బిడ్డల్ని పోగొట్టుకున్నారు. చదువు ఉంటే చాలదు. జనం మధ్య న్యాయం, శాంతి కూడా ఉండాలి.

2022లో ఇంకో దెబ్బ తగిలింది. దేశం చేసిన అప్పులు తీర్చలేకపోయింది. ఏప్రిల్‌లో ఆ మాట బయటికి చెప్పేసింది. బయటి దేశాల నుంచి సరుకు కొనడానికి డబ్బు లేదు. పెట్రోలుకు రోజుల తరబడి వరసలు. వంట గ్యాసు లేదు. ఆస్పత్రుల్లో మందులు తక్కువయ్యాయి. ధరలు మండిపోయాయి. జనం తిరగబడ్డారు. జూలైలో అధ్యక్షుడు దేశం విడిచి పారిపోయాడు. అప్పుడు మన దేశం వాళ్లకు బియ్యం, మందులు, పెట్రోలు ఇచ్చి, అప్పు ఇచ్చి ఆదుకుంది.

కాబట్టి అప్పు కూడా బతుకు లెక్కలో భాగమే. ఇంటికైనా, దేశానికైనా అంతే.

కొన్ని విషయాల్లో మనమే ముందున్నాం. 1992లో మన రాజ్యాంగాన్ని సవరించి, పంచాయతీల్లో మూడింట ఒక వంతు సీట్లు ఆడవాళ్లకు ఇచ్చారు. తర్వాత మన రాష్ట్రంలో అది సగం అయింది. శ్రీలంకలో ఊరి సభల్లో ఆడవాళ్లకు నాలుగింట ఒక వంతు ఇవ్వడం 2018 ఎన్నికల నుంచే మొదలైంది. ప్రపంచంలో మొదటి మహిళా ప్రధాని 1960లో అక్కడే వచ్చింది. ఆమె పేరు సిరిమావో బండారునాయకే. అయినా అక్కడి పార్లమెంటులో ఆడవాళ్లు ఇప్పటికీ తక్కువే.

పని విషయంలో రెండు దేశాలదీ ఒకే బాధ. అక్కడి నుంచీ, మన గోదావరి జిల్లాల నుంచీ ఆడవాళ్లు కువైట్ లాంటి దేశాలకు ఇంటి పనికి పోతున్నారు. పిల్లల్ని వదిలి పోతున్నారు. సొంత ఊళ్లో తగిన పని, తగిన కూలి దొరికితే ఎవరు పోతారు?

రూపాయి, రూపాయి ఒకటి కాదు

శ్రీలంకలో కూడా డబ్బును రూపాయి అనే అంటారు. కానీ ఈమధ్య మన ఒక రూపాయికి వాళ్ల మూడు రూపాయలకు పైనే వస్తున్నాయి. అందుకే “అక్కడ కూలి వెయ్యి రూపాయలంట” అని ఎవరైనా చెబితే వెంటనే మోసపోకూడదు. ఆ వెయ్యితో అక్కడ ఎన్ని కిలోల బియ్యం వస్తాయి? ఎంత నూనె వస్తుంది? అది అడగాలి. వేరే ఊరికి పనికి పిలిచే మేస్త్రీతో కూడా ఇదే లెక్క వేయాలి.

గౌరవం

1922 అక్టోబరులో అల్లూరి సీతారామరాజు దండు అడ్డతీగల పోలీసు స్టేషను మీదికి వచ్చింది. ఆనాటి కొండ జనం ఎందుకు తిరగబడ్డారు? అడవిలో పోడు కొట్టనివ్వలేదు. కూలి సరిగా ఇవ్వకుండా రోడ్డు పని చేయించారు. కొట్టారు, తిట్టారు. వాళ్లు అడిగింది డబ్బు ఒక్కటే కాదు. మనుషులుగా చూడమని అడిగారు. అది కూడా జీవన నాణ్యతే.

మనం ఏం చేద్దాం?

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మనలాగే రాత్రి బడిలో చదువుకున్నారు. సారా గురించి పాఠం చదివారు. చదివి ఊరుకోలేదు. సారా కొట్టు మూయించారు. ఆ గాలి రాష్ట్రమంతా వీచింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించారు. పాఠం చదివిన తర్వాత ఏం చేస్తామన్నదే అసలు సంగతి.

మనం మన ఊరి లెక్క రాద్దాం. ఒక నోటు పుస్తకం తీసుకోండి. ఇవి రాయండి:

1. గత ఏడాది మన ఊళ్లో ఎన్ని కాన్పులు జరిగాయి? ఆస్పత్రిలో ఎన్ని? ఇంట్లో ఎన్ని?
2. ఏడాది నిండకుండా ఎంతమంది బిడ్డలు చనిపోయారు? ఎందుకు?
3. ఎంతమంది ఆడపిల్లలు బడి మానేశారు? ఏ తరగతిలో?
4. 18 ఏళ్లు నిండకుండా ఎంతమందికి పెళ్లి చేశారు?
5. ఎంతమందికి మలేరియా వచ్చింది? రక్త పరీక్ష ఎన్ని రోజులకు జరిగింది?
6. మంచి నీళ్లకు ఎంత దూరం నడుస్తున్నాం?

ఈ పుస్తకం గ్రామసభకు తీసుకెళ్లండి. గట్టిగా చదవండి. నోటి మాటను “చూద్దాంలే” అని తోసేయవచ్చు. రాసి ఉన్న లెక్కను తోసేయడం అంత తేలిక కాదు. వచ్చే ఏడాది మళ్లీ రాయండి. రెండు ఏళ్లను పక్కపక్కన పెట్టి చూడండి. అప్పుడు మన ఊరు ముందుకు పోయిందో, వెనక్కి పోయిందో మనకే తెలుస్తుంది.

కొత్త మాటలు

జీవన ప్రమాణం – సంపాదన, ఇల్లు, వస్తువుల స్థాయి
జీవన నాణ్యత – బతుకులోని మంచితనం. ఆరోగ్యం, చదువు, గౌరవం
సగటు – మొత్తాన్ని అందరికీ సమానంగా పంచితే వచ్చేది
పౌరసత్వం – ఈ దేశం మనిషిని అనే హక్కు

ఆలోచించండి, చర్చించండి

1. పాఠంలోని రెండు ఇళ్లలో మీ ఇల్లు దేనికి దగ్గరగా ఉంది?
2. శ్రీలంకలో మలేరియా ఎందుకు తిరగబడింది?
3. ఆరుగురు ఆడవాళ్లు అడ్డాకులు కుట్టారు. అయిదుగురు 10 కట్టల చొప్పున కుట్టారు. ఒకామె 40 కట్టలు కుట్టింది. సగటు ఎంత? అన్ని కట్టలు కుట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా?
4. మన ఊళ్లో ఒక తల్లి కాన్పులో చనిపోతే మనం ఏమేం అడగాలి?